రోగి ఇంట్లో గంజాయి మొక్క: కెనడాలో సేంద్రియ సాగుకు తొలి పాఠాలు

కెనడాలో వైద్యుడి ధ్రువపత్రం ఉన్న రోగి తన మందుకు కావలసిన గంజాయిని ఇంట్లోనే చట్టబద్ధంగా పండించుకోవచ్చు. ఈ హక్కు ప్రభుత్వం తనంతట తాను ఇచ్చింది కాదు, రోగులు కోర్టుల చుట్టూ తిరిగి సాధించుకున్నది. టొరంటో వాసి టెరెన్స్ పార్కర్‌కు చిన్ననాటి నుంచి మూర్ఛవ్యాధి. ఆపరేషన్లు చేసినా, మాత్రలు వాడినా మూర్ఛలు పూర్తిగా ఆగలేదు. గంజాయి తాగితే తగ్గుతున్నాయని గమనించి ఇంట్లో మొక్కలు పెంచుకున్నాడు, కేసులో ఇరుక్కున్నాడు. 2000 జులై 31న ఒంటారియో అప్పీలు కోర్టు అతని పక్షాన తీర్పు చెప్పింది. వైద్య అవసరానికి ఏ మినహాయింపూ లేని నిషేధం రాజ్యాంగానికి విరుద్ధమని తేల్చి, చట్టాన్ని సరిదిద్దుకోవడానికి ప్రభుత్వానికి ఏడాది గడువు ఇచ్చింది. ఆ గడువు ముగిసే వేళకు, 2001లో, రోగులు లైసెన్సుతో గంజాయి పెంచుకునే నిబంధనలు అమల్లోకి వచ్చాయి.

పన్నెండేళ్ల తర్వాత ప్రభుత్వం మనసు మార్చుకుంది. ఇళ్లలో సాగు వల్ల అగ్నిప్రమాదాలు, బూజు, దొంగతనాలు పెరుగుతున్నాయంటూ 2013లో కొత్త నిబంధనలు తెచ్చింది. రోగులంతా లైసెన్సు ఉన్న కంపెనీల నుంచే కొనుక్కోవాలంది. కొందరు రోగులు మళ్లీ కోర్టుకెక్కారు. 2016 ఫిబ్రవరి 24న ఫెడరల్ కోర్టు ఆ నిబంధనలను కొట్టివేసింది. ప్రభుత్వం చెప్పిన ప్రమాదాలను సరైన జాగ్రత్తలతో నివారించవచ్చని, వాటిని సాకుగా చూపి రోగి చేతిలోని మందును లాక్కోవడం తగదని ఆ తీర్పు సారాంశం. అదే ఏడాది ఆగస్టులో ఇంటి సాగు తిరిగి వచ్చింది. 2018 అక్టోబరు 17న గంజాయి చట్టం అమలైన తర్వాత రోగులు కానివారికి కూడా ఇంటికి 4 మొక్కలు పెంచుకునే వీలు కలిగింది. క్యుబెక్ రాష్ట్రం మాత్రం దీన్ని ఒప్పుకోలేదు. ఆ రాష్ట్ర నిషేధం చెల్లుతుందని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తేల్చింది.

రోగి సాగుకు లెక్క వేరు. రోజుకు ఎన్ని గ్రాములు అవసరమో వైద్యుడు గానీ, అధికారం ఉన్న నర్స్ ప్రాక్టీషనర్ గానీ పత్రంలో రాస్తారు. ఆ పత్రంతో కేంద్ర ఆరోగ్యశాఖ హెల్త్ కెనడా దగ్గర నమోదు చేసుకోవాలి. రోజుకు 1 గ్రాము అని రాస్తే ఇంటి లోపలైతే 5 మొక్కలు, ఆరుబయటైతే 2 మొక్కలు పెంచవచ్చు. ఆరుబయట ఎండలో మొక్క చెట్టంత అవుతుంది, గదిలో నడుము ఎత్తు దాటనివ్వరు కాబట్టి ఈ తేడా. విత్తనమైనా, నాటే కొమ్మ అయినా లైసెన్సు ఉన్న చోటే కొనాలి. సాగు స్థలం సొంతం కాకపోతే యజమాని సమ్మతి కావలసి రావచ్చు. పండించింది ఇంకొకరికి అమ్మడానికి వీల్లేదు. రోజుకు పదుల గ్రాముల పత్రాలు సంపాదించి, వందల మొక్కలు వేసి, దొంగచాటుగా అమ్ముకున్నవాళ్లూ ఉన్నారు. వాళ్ల వల్ల నిజమైన రోగులు కూడా అనుమానపు చూపులు భరించాల్సి వస్తోంది.

ఇదంతా కెనడా మాట. భారతదేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద అనుమతి లేకుండా ఒక్క గంజాయి మొక్కను పెంచినా నేరమే. పదేళ్ల వరకు కఠిన జైలుశిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. కుండీలో పెంచామనో, జబ్బు కోసమనో చెబితే చట్టం వదలదు. విశాఖ మన్యంలో 2021లో ‘ఆపరేషన్ పరివర్తన’ పేరిట వేల ఎకరాల తోటలను నరికివేయడం తెలుగువారికి గుర్తుండే ఉంటుంది. అమెరికాలోని తెలుగువారికి ఇంకో చిక్కుంది. అక్కడ పలు రాష్ట్రాలు అనుమతించినా ఫెడరల్ చట్టం ప్రకారం గంజాయి పెంచడం నేరమే. హెచ్1బీ వీసా మీదో, గ్రీన్‌కార్డు మీదో ఉన్నవాళ్లు దాని జోలికి పోతే ఆ దేశంలో ఉండే అర్హతకే ముప్పు రావచ్చు. కెనడాలో చట్టబద్ధంగా పండించిన దానినైనా సరిహద్దు దాటిస్తే నేరం.

ఎవరికి, ఎందుకు

గంజాయి అన్ని రోగాలకూ మందు కాదు. కొన్ని రకాల వాడకానికి మాత్రం గట్టి ఆధారాలున్నాయి. పిల్లల్లో వచ్చే డ్రావే, లెనాక్స్-గాస్టో అనే మొండి మూర్ఛలకు గంజాయిలోని కన్నాబిడయోల్‌తో (సీబీడీ) తయారైన మందును అమెరికా ఔషధ సంస్థ 2018లో ఆమోదించింది. మల్టిపుల్ స్క్లెరోసిస్ రోగుల నరాల నొప్పికి గంజాయి సారంతో చేసిన నోటి స్ప్రేకు కెనడా 2005లోనే షరతులతో అనుమతి ఇచ్చింది. కీమోథెరపీ వల్ల వచ్చే వాంతులకు, దీర్ఘకాలిక నొప్పులకు కూడా వైద్యులు రాస్తుంటారు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, మతిభ్రమ లక్షణాలున్నవాళ్లు, అలాంటి కుటుంబ చరిత్ర ఉన్నవాళ్లు, మెదడు ఇంకా ఎదుగుతున్న యువకులు దీనికి దూరంగా ఉండాలి.

దుకాణంలో దొరుకుతుండగా ఇంట్లో పెంచడం ఎందుకు? మొదటి కారణం డబ్బు. కెనడాలో ప్రభుత్వ ఆరోగ్య పథకాలు గంజాయి ఖర్చును సాధారణంగా భరించవు. మాజీ సైనికుల వంటి కొందరికే ఆ వెసులుబాటు. ఏళ్ల తరబడి నొప్పితో ఉద్యోగం పోయిన మనిషికి నెలనెలా కొనడం మోయలేని భారం. రెండో కారణం నమ్మకం. 2016 చివర్లో లైసెన్సు ఉన్న కొన్ని కంపెనీల సరుకులో మైక్లోబ్యుటనిల్ అనే శిలీంధ్రనాశిని బయటపడింది. ద్రాక్ష తోటల్లో వాడే మందు అది. కాల్చి పీలిస్తే అందులోంచి విషపూరితమైన హైడ్రోజన్ సయనైడ్ వెలువడుతుంది. ఆ సరుకును వెనక్కి తెప్పించారు. ఆ తర్వాత కంపెనీలకు పురుగుమందుల పరీక్ష తప్పనిసరైంది. కానీ ఊపిరితిత్తుల్లోకి పోయే మందులో ఏముందో తన కళ్లతో చూసుకోవాలనే కోరిక రోగుల్లో అప్పటి నుంచి బలపడింది. సేంద్రియ సాగు వైపు వాళ్లను నడిపించింది అదే.

చీకటి చెప్పే ఋతువు

గంజాయిలో ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. మందు ఉండేది ఆడ మొక్క పూగుత్తుల్లో. ఆ పూల మీద సన్నని నూగులా మెరిసే గ్రంథుల్లో జిగురు ఊరుతుంది, మత్తునిచ్చే టీహెచ్‌సీ, మత్తు ఇవ్వని సీబీడీ రెండూ అందులోనే ఆమ్ల రూపంలో ఉంటాయి. పుప్పొడి తగిలితే ఆడ మొక్క తన శక్తిని గింజల వైపు మళ్లిస్తుంది, జిగురు తగ్గుతుంది. అందుకే మగ మొక్కను మొదట్లోనే తీసేయాలి. ఈ కిటుకు కొత్తది కాదు. 1893-94లో బ్రిటిష్ ప్రభుత్వం వేసిన భారత గంజాయి విచారణ సంఘం బెంగాల్‌లోని నౌగావ్ పొలాలను వివరించింది. అక్కడ మగ మొక్కలను గుర్తుపట్టి పీకేయడమే వృత్తిగా ‘పొద్దార్లు’ అనే నిపుణులు ఉండేవారు. రైతులు వాళ్లను గంజాయి వైద్యులనే పిలిచేవారు. ఇప్పుడు ఆడ మొక్కలే మొలిచేలా తయారుచేసిన విత్తనాలు దొరుకుతున్నాయి. తొలిసారి పెంచేవారికి అవే మేలు.

ఈ మొక్క కాలాన్ని చీకటితో లెక్కగడుతుంది. పగటి నిడివి తగ్గితే పూస్తుందని ఫ్రాన్స్ శాస్త్రవేత్త జూలియన్ తూర్నోవా 1912 ప్రాంతంలోనే ఇదే జాతి మొక్కల మీద గమనించాడు. గదిలో సాగు మొత్తం ఈ గుణం మీదే ఆధారపడింది. రోజుకు 18 గంటలు దీపం వెలిగితే మొక్క వేసవి అనుకుని ఆకులు, కొమ్మలు వేస్తుంది. 12 గంటలు వెలుతురు, 12 గంటలు చీకటి చేస్తే శరత్కాలం వచ్చిందనుకుని పూతకు దిగుతుంది. పూత మొదలైనప్పటి నుంచి కోత దాకా చాలా రకాలకు ఎనిమిది నుంచి పది వారాలు పడుతుంది. పూత రోజుల్లో చీకటి అంటే కటిక చీకటే. తలుపు సందులోంచి వీధి దీపం వెలుగు పడినా కొన్ని మొక్కలు తికమకపడి ఆడ పూల మధ్య మగ పూలు పెడతాయి, వాటి పుప్పొడితో గింజకట్టి పంట చెడుతుంది.

గది, దీపం, గాలి

మొదటిసారికి గది మొత్తం అక్కర్లేదు. లోపలి వైపు వెండి రంగు పూత ఉన్న గుడ్డ గుడారం, 120 సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉంటే చాలు. రెండు నుంచి నాలుగు మొక్కలు హాయిగా పడతాయి. చట్టం ఎక్కువ మొక్కలకు అనుమతిచ్చినా తక్కువతో మొదలుపెట్టడమే తెలివైన పని. జబ్బుతో ఉన్న మనిషికి ఓపిక లేని రోజులు వస్తాయి. ఆ రోజుల్లో కూడా చూసుకోగలిగినన్ని మొక్కలే ఉండాలి.

పాతకాలపు సోడియం దీపాలు గదిని కాల్చేవి. ఇప్పుడు అంతా ఎల్ఈడీలే. పైన చెప్పిన గుడారానికి 400 వాట్ల మంచి దీపం సరిపోతుంది. పూత కాలంలో రోజుకు 12 గంటలు వెలిగితే 4.8 యూనిట్లు, నెలకు 144 యూనిట్ల కరెంటు. ఫ్యాన్లు, తేమ తీసే యంత్రం ఖర్చు దీనికి అదనం. కెనడా ఇళ్లలో ఒక మామూలు లైను 120 వోల్టులు, 15 ఆంపియర్లు. గంటల తరబడి ఆగకుండా వాడేటప్పుడు దాని మీద 1,440 వాట్లకు మించి భారం వేయకూడదు. ఎక్స్‌టెన్షన్ వైరుకు ఇంకో ఎక్స్‌టెన్షన్ తగిలించడం, ప్లగ్గు పెట్టెలను నేల మీద నీళ్లలో ఉంచడం ఇళ్లు తగలబడటానికి దారితీసే పనులు. వైరింగ్ విషయంలో ఎలక్ట్రీషియన్‌కు ఇచ్చే డబ్బు మిగతా ఖర్చులన్నిటికన్నా ముందు కేటాయించాలి.

గాలి సంగతి అంతకన్నా ముఖ్యం. మొక్కలు పీల్చిన నీటిలో ఎక్కువ భాగాన్ని ఆకుల ద్వారా గాలిలోకి వదులుతాయి. రోజుకు పది లీటర్లు పోస్తే దాదాపు అంత తేమా ఇంట్లోకే వస్తుంది. శీతాకాలంలో తలుపులు, కిటికీలు బిగించిన కెనడా ఇంట్లో ఆ తేమ చల్లని గోడలకు పట్టి, బూజుగా మారి, ఇంటిల్లిపాదికీ ఉబ్బసం తెచ్చిపెడుతుంది. కాబట్టి గుడారం గాలిని బొగ్గు ఫిల్టరు గుండా బయటికి పంపే ఫ్యాను ఉండాలి. వాసన కూడా దానితోనే పోతుంది. లోపల గాలి మెల్లగా కదిలేలా ఇంకో చిన్న ఫ్యాను పెట్టాలి. వెలుతురు ఉన్నప్పుడు 22 నుంచి 28 డిగ్రీల వేడి సరిపోతుంది. గాలిలో తేమ లేత మొక్కలకు 60-70 శాతం ఉండొచ్చు, పూత ముదిరాక 50 శాతం లోపే ఉండాలి. తేమ, ఉష్ణోగ్రత చూపే చిన్న మీటరు తక్కువ ధరకే దొరుకుతుంది. దీన్ని ఎవరూ మర్చిపోకూడదు.

మట్టికి తిండి

సేంద్రియ సాగులో మొక్కకు నేరుగా ఎరువు పెట్టరు, మట్టికి పెడతారు. మట్టిలోని బ్యాక్టీరియా, శిలీంధ్రాలు, వానపాములు దాన్ని జీర్ణించుకుని వేరుకు అందిస్తాయి. ఘనజీవామృతంతో, ఆచ్ఛాదనతో ప్రకృతి వ్యవసాయం చేస్తున్న ఆంధ్రప్రదేశ్ రైతులకు ఈ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు. సూత్రం ఒక్కటే, పొలం బదులు కుండీ.

కుండీ పెద్దదిగా ఉండాలి. రసాయన ద్రావణాలతో పెంచేవారికి పది లీటర్ల కుండీ సరిపోవచ్చు గానీ, సజీవమైన మట్టికి కనీసం 40 లీటర్లు కావాలి. చిన్న కుండీ త్వరగా ఎండుతుంది, త్వరగా తడుస్తుంది, ఆ ఒడుదొడుకులకు అందులోని జీవులు తట్టుకోలేవు. గాలి ఆడే గుడ్డ కుండీలు మంచివి.

మిశ్రమంలో మూడు వంతులు దాదాపు సమానంగా ఉంటాయి. నీటిని పట్టి ఉంచేందుకు పీట్ గానీ కొబ్బరి పొట్టు గానీ ఒక వంతు. గాలి ఆడేందుకు పెర్లైట్ గానీ అగ్నిపర్వత శిలల ముక్కలు గానీ ఒక వంతు. బాగా మాగిన కంపోస్టు, వర్మీ కంపోస్టు కలిపి ఒక వంతు. కెనడా దుకాణాల్లో దొరికే కొబ్బరి పొట్టు ఇటుకలు చాలావరకు భారత్, శ్రీలంకల నుంచి వెళ్లినవే. అందులో ఉప్పు ఎక్కువ ఉంటుంది కాబట్టి మంచినీటితో రెండు మూడుసార్లు కడిగాకే వాడాలి. పీట్ పులుపు గుణం ఉన్నది, దానికి కొద్దిగా సున్నపురాయి పొడి కలపాలి. ఉదజని సూచిక 6.3 నుంచి 6.8 మధ్య ఉంటే పోషకాలన్నీ వేళ్లకు అందుతాయి.

దీనికి పైన పోషకాలు. నత్రజని కోసం వేపపిండి, పీతల పెంకుల పొడి. పొటాష్ కోసం సముద్రపు నాచు పొడి. వేపపిండి మన ఊళ్లలో వరి పొలాల్లో యూరియాతో కలిపి చల్లేదే, అక్కడ చిన్న సంచుల్లో మంచి ధరకు అమ్ముతారు. పీతల పెంకులో కైటిన్ ఉంటుంది. దాన్ని తినే సూక్ష్మజీవులు పెరిగితే మట్టిలో కొన్ని హానికర శిలీంధ్రాలు అదుపులో ఉంటాయి. భాస్వరానికి ఎముకల పొడి, ఖనిజాలకు రాతిపొడి. ఇవన్నీ కలిపాక మట్టిని తడిపి, కప్పి, మూడు నాలుగు వారాలు మాగనివ్వాలి. తొలిసారి పెంచేవారు ఎక్కువగా దాటేసే మెట్టు ఇదే. వెంటనే నాటితే కుళ్లుతున్న పిండి వేడికి, అమ్మోనియాకు లేత వేళ్లు మాడిపోతాయి. మాగిన మట్టి అడవి నేల వాసన వేస్తుంది. పుల్లగానో, ఘాటుగానో ఉంటే ఇంకా ఆగాలి.

గంజాయి మొక్కకు నేలలోని సీసం, కాడ్మియం వంటి భారలోహాలను పీల్చుకునే గుణం బాగా ఉంది. 1990ల చివర్లో చెర్నోబిల్ దగ్గర కలుషిత నేలను శుభ్రపరచడానికి ఇదే జాతికి చెందిన హెంప్‌ను ప్రయోగాత్మకంగా వేశారు. నేలను శుభ్రం చేసే ఆ గుణమే మందు పండించేవారికి ప్రమాదం. రాతిపొడులు, ఫాస్ఫేటు పొడులు, ఊరూపేరూ లేని కంపోస్టులు సేంద్రియమే అయినా వాటిలో భారలోహాలు ఉండొచ్చు. లోహాల పరీక్ష ఫలితాలు చూపే సంచులనే కొనాలి. సేంద్రియం అన్న ముద్ర ఒక్కటే చూసి మోసపోకూడదు.

నీటి సంగతి కొంచెమే. కుళాయి నీటిలోని క్లోరిన్ ఒక రోజు బకెట్లో ఉంచితే పోతుంది. చాలా నగరాల్లో కలిపే క్లోరమిన్ అలా పోదు, దానికి బొగ్గు ఫిల్టరు కావాలి. పైమట్టి ఎండకుండా గడ్డి కప్పి, ఒకేసారి కుమ్మరించకుండా తరచుగా కొద్దికొద్దిగా పోయాలి. కుండీ అడుగునుంచి నీరు కారిందంటే ఎక్కువైనట్టే. మొదటిసారి పెంచేవాళ్ల చేతుల్లో ఎండి చచ్చే మొక్కల కన్నా నీళ్లెక్కువై చచ్చేవే ఎక్కువ.

పురుగులు, మిత్రులు

గదిలో వర్షం లేదు, పిట్టలు లేవు, సాలెపురుగులు లేవు. ఒక్క నల్లి ప్రవేశించిందంటే దానికి అడ్డే ఉండదు. బట్టలకు, పెంపుడు కుక్క బొచ్చుకు పట్టుకుని కూడా వస్తుంది. కాబట్టి తోటపని చేసిన బట్టలతో గుడారంలో చేతులు పెట్టకూడదు. కొత్తగా తెచ్చిన కొమ్మలను రెండు వారాలు విడిగా ఉంచి చూడాలి. వారానికి రెండుసార్లయినా ఆకుల అడుగు భాగాన్ని భూతద్దంతో పరీక్షించాలి. పచ్చగా ఉండే ఆకు మీద సూదితో పొడిచినట్టు తెల్లని చుక్కలు కనిపిస్తే నల్లి చేరినట్టు.

మిత్ర పురుగులే ఇక్కడ మొదటి మందు. నల్లిని తినే ఫైటోసియులస్ పెర్సిమిలిస్ అనే వేటనల్లిని సీసాల్లో అమ్ముతారు. తడి మట్టిలో పుట్టే చిన్న నల్లని ఈగలకు బీటీ రకం బ్యాక్టీరియాను నీళ్లలో కలిపి పోస్తారు. వేపనూనె లాంటివి పూత రాకముందే ఆపేయాలి. ఒకసారి జిగురు పూలకు పట్టిన నూనెను ఎవరూ కడగలేరు, దాన్ని రోగి పీలుస్తాడు. పూత మీద ఏదీ పిచికారీ చేయకూడదన్నది ఈ సాగులో వెనక్కి తీసుకోలేని నియమం. సగం పూతలో బూడిద తెగులు గట్టిగా సోకితే ఆ మొక్కను తీసేయాలి తప్ప కాపాడాలని చూడకూడదు.

కోసిన తర్వాత

పండిందో లేదో పూగుత్తి రంగును బట్టి కాదు, దాని మీది గ్రంథులను భూతద్దంలో చూసి తేల్చాలి. అద్దంలా పారదర్శకంగా ఉంటే ఇంకా పచ్చి. ఎక్కువ భాగం పాలరంగులోకి మారి, అక్కడక్కడ తేనె రంగు తిరిగితే కోతకు వచ్చినట్టు.

సేంద్రియ సాగులోని అసలు ప్రమాదం ఇక్కడ ఉంది. జీవం ఉన్న మట్టి అంటే బోలెడు శిలీంధ్ర బీజాలు ఉన్న మట్టి. అవి గాలిలో ఎగిరి పూల మీద వాలతాయి. పూగుత్తిని సరిగా ఆరబెట్టకపోతే ఆస్పర్‌గిల్లస్ అనే బూజు పెరుగుతుంది. ఆరోగ్యవంతుడు దాన్ని పీల్చినా పెద్దగా ఏమీ కాకపోవచ్చు. కీమోథెరపీలో ఉన్నవాళ్లకు, అవయవ మార్పిడి జరిగినవాళ్లకు, ఎయిడ్స్ ముదిరినవాళ్లకు మాత్రం అది ఊపిరితిత్తుల్లో ప్రాణాంతకమైన ఇన్ఫెక్షన్‌గా మారగలదు, ఇలా మరణించిన రోగుల సంగతి వైద్య పత్రికల్లో నమోదైంది. నెదర్లాండ్స్‌లో ప్రభుత్వం సరఫరా చేసే వైద్య గంజాయికి గామా కిరణాలు పట్టించేది ఈ భయంతోనే. ఇంట్లో ఆ సౌకర్యం లేదు. రోగనిరోధకశక్తి బాగా తగ్గిన రోగి ఇంటి పంటను పొగగానో, ఆవిరిగానో పీల్చకపోవడమే మంచిదని నిర్మొహమాటంగా చెప్పాలి. రసాయనాలు లేకపోవడం ఒక సంగతి, సూక్ష్మజీవులు లేకపోవడం ఇంకో సంగతి.

ఆరబెట్టేందుకు చీకటి గది, 15 నుంచి 18 డిగ్రీల చల్లదనం, 55-60 శాతం తేమ కావాలి. కొమ్మలను తలకిందులుగా, ఒకదానికొకటి తగలకుండా వేలాడదీస్తే పది నుంచి పద్నాలుగు రోజుల్లో సన్నని పుల్ల వంగకుండా పుటుక్కున విరుగుతుంది. ఎండలోనో, ఓవెన్లోనో పెట్టి తొందరపడితే వాసననిచ్చే నూనెలు ఎగిరిపోతాయి. తర్వాత గాజు సీసాల్లో నింపి, మొదటి రెండు వారాలు రోజూ కాసేపు మూతలు తీసి ఉంచాలి. సీసాలో తేమ 62 శాతం దాటితే పూలను మళ్లీ బయట ఆరబెట్టాలి. గడ్డి కుళ్లిన వాసన వచ్చినా, బూడిద రంగు నూలు పోగులు కనిపించినా ఆ సీసా మొత్తం పారేయాలి, బాగున్న భాగాన్ని ఏరుకోకూడదు.

మోతాదు ఇంటి పంటకు పెద్ద లోటు. మందుల దుకాణంలోని మాత్ర మీద మిల్లీగ్రాములు రాసి ఉంటాయి, సీసాలోని పువ్వు మీద ఏమీ ఉండదు. ఒకే విత్తనం నుంచి వచ్చినా పై కొమ్మ పువ్వులో ఒక బలం, కింది కొమ్మ పువ్వులో ఇంకో బలం ఉంటుంది. కెనడాలో లైసెన్సు ఉన్న కొన్ని ప్రయోగశాలలు రోగుల నమూనాలను కూడా పరీక్షిస్తాయి. టీహెచ్‌సీ, సీబీడీ శాతాలతో పాటు బూజు, లోహాల పరీక్షా చేయించుకోవాలి. పచ్చి పువ్వులోని ఆమ్లరూపం వేడి తగిలితేనే పనిచేసే టీహెచ్‌సీగా మారుతుంది కాబట్టి వంటలో, నూనెలో వాడేవారు మొదట వేడి చేయాలి. నోటితో తీసుకున్నది పనిచేయడానికి రెండు గంటల వరకు పట్టొచ్చు. ఇంకా ఏమీ కాలేదని రెండోసారి తీసుకున్నవాళ్లే ఆస్పత్రి పాలవుతుంటారు. కొత్త పంట వచ్చిన ప్రతిసారీ అతి తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, ఎంత తీసుకుంటే నొప్పి ఎంత తగ్గిందో పుస్తకంలో రాసుకుని వైద్యుడికి చూపించాలి.

సీసాలు తాళం వేసిన పెట్టెలో, పిల్లలకు అందకుండా ఉండాలి. రోగి ఇంట్లో ఎంత నిల్వ ఉంచవచ్చో నమోదు పత్రంలోనే రాసి ఉంటుంది. అంతకు మించితే చట్టప్రకారం నాశనం చేయాలి. నీళ్లతో రుబ్బి, వాసన తెలియకుండా పిల్లుల మలానికి వాడే మట్టిలో కలిపి చెత్తలో వేయమని హెల్త్ కెనడా సూచన. కోత అయిపోయిన కుండీలోని మట్టిని పారేయనక్కర్లేదు. మోడును నేలమట్టానికి కోసి, వేళ్లను అందులోనే కుళ్లనిచ్చి, పైన కొంత వర్మీ కంపోస్టు, వేపపిండి చల్లి మూడు వారాలు తడిగా ఉంచితే రెండో పంటకు సిద్ధమవుతుంది.